విదేశీ టెండరులో ఏజెంటు అదనపు కమీషన్ అడుగుతున్నారు: సంస్థ ఏం చేయాలి?

ఎగుమతిబాట

సభ్యులందరికీ నమస్కారం. మా సంస్థ ఆసుపత్రులకు రోగనిర్ధారణ పరికరాలు తయారు చేస్తుంది. ఇన్నాళ్లూ స్వదేశంలోనే అమ్ముకుంటూ వచ్చిన మేము ఇప్పుడు తొలిసారిగా ఒక విదేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల టెండరుకు సిద్ధమవుతున్నాము. అక్కడి భాషా, నిబంధనలూ తెలిసిన స్థానిక ఏజెంటు ఒకరితో ఐదు శాతం కమీషన్‌కు ఒప్పందం కుదుర్చుకున్నాము. గడువు దగ్గర పడ్డాక ఆయన, కమీషన్ పన్నెండు శాతానికి పెంచితే తప్ప పని ముందుకు సాగదని అంటున్నారు. పెంచిన మొత్తాన్ని తన ఖాతాకు కాకుండా, ‘మార్కెట్ అధ్యయనం’ పేరుతో ఇన్‌వాయిస్ ఇచ్చే మరో కంపెనీకి పంపాలట. ఆ కంపెనీ ఉన్నది మూడో దేశంలో. ఆ డబ్బు ఎవరికి చేరుతుందని అడిగితే, ఆ వివరాలు మీకు తెలియకపోవడమే మంచిదని జవాబిచ్చారు.

మా డైరెక్టర్లలో కొందరు దీన్ని ఏజెంటుకూ అక్కడి అధికారులకూ మధ్య వ్యవహారంగా చూస్తున్నారు. మనం ఇచ్చేది కమీషన్, ఆయన దాన్ని ఏం చేసుకుంటే మనకేమిటి అన్నది వారి వాదన. నాకు ఆ వాదన మింగుడుపడడం లేదు. ఇప్పుడు ఆయనకు ఏమని జవాబివ్వాలి, ఇకముందు ఇలాంటి పరిస్థితి రాకుండా సంస్థలో ఏ ఏర్పాట్లు చేసుకోవాలి అన్న రెండు విషయాల్లో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. సరుకు విడిపించేటప్పుడు కస్టమ్స్ దగ్గర అడిగే చిన్న మొత్తాల సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

పద్దులపరీక్ష

ఎగుమతిబాట గారూ, ఎగుమతి సంస్థల్లో అంతర్గత ఆడిట్ చేసేవాడిగా చెబుతున్నాను: ఆ డబ్బు పంపకండి. మీరు రాసిన నాలుగు మాటల్లోనే అనుమానించాల్సినవన్నీ ఉన్నాయి. పని పెరగకుండా కమీషన్ పెరిగింది. పని ఒక దేశంలో జరుగుతుంటే చెల్లింపు ఇంకో దేశానికి వెళ్లాలంటున్నారు. సేవకు పెట్టిన పేరుకూ మీకు నిజంగా అందబోయేదానికీ పొంతన లేదు. డబ్బు చివరికి ఎవరికి చేరుతుందో చెప్పడానికి ఏజెంటు ఇష్టపడడం లేదు.

మీ డైరెక్టర్లు ఆసరాగా తీసుకుంటున్న ‘మనకు తెలియదు’ అన్న మాట వారిని కాపాడదు. అమెరికా విదేశీ అవినీతి నిరోధక చట్టం ప్రకారం, లంచం వెళ్లే అవకాశం బలంగా ఉందని గ్రహించి కూడా కళ్లు మూసుకున్నవారిని తెలిసి చేసినవారిగానే పరిగణిస్తారు. పైగా ఇవి ఎక్కువగా ఏజెంట్ల ద్వారానే నడుస్తాయన్నది కొత్త సంగతి కాదు. ప్రధానంగా సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ 2014లో విడుదల చేసిన నివేదిక, అప్పటికి శిక్షలతోనో రాజీలతోనో ముగిసిన 427 విదేశీ లంచం కేసులను పరిశీలించింది. వాటిలో ప్రతి నాలుగింటికి మూడింటిలో మధ్యవర్తులున్నారు. 57 శాతం కేసుల్లో లంచం ఇచ్చింది ప్రభుత్వ కాంట్రాక్టు కోసమే. లంచం సగటున లావాదేవీ విలువలో 10.9 శాతం ఉన్నట్టు అదే నివేదిక చెబుతుంది. మీ ఏజెంటు అడుగుతున్న అదనపు ఏడు శాతాన్ని ఈ వెలుగులో చూడండి.

ఆయనకు ఇచ్చే జవాబు రాతపూర్వకంగా ఉండాలి. కమీషన్ పెంచడానికి ఆధారమైన అదనపు పని ఏమిటి, మార్కెట్ అధ్యయనం ఎవరు చేస్తారు, దాని నివేదిక మీకు ఎప్పుడు అందుతుంది, ఆ మూడో కంపెనీ యజమానులు ఎవరు అని అడగండి. మర్యాదగా, స్పష్టంగా, తేదీ వేసి అడగండి. నిజమైన పని ఉంటే జవాబు వస్తుంది. లేకపోతే ఆ మౌనమే మీ డైరెక్టర్లకు చూపించదగిన కాగితం అవుతుంది.

చట్టంచూపు

పై సలహాతో ఏకీభవిస్తూ, చట్టం వైపు నుంచి కొంత నేపథ్యం చెబుతాను. ఇది పరాయి దేశపు అధికారి సమస్య, అక్కడి చట్టమే చూసుకుంటుంది అన్న ఆలోచన ఒకప్పుడు నిజంగానే చెల్లింది. 1970ల మధ్యలో అమెరికాలో జరిగిన విచారణల్లో 400కు పైగా కంపెనీలు అనుమానాస్పద చెల్లింపులు చేసినట్టు ఒప్పుకున్నాయి. వాటి మొత్తం 30 కోట్ల డాలర్లు దాటింది. విమానాల అమ్మకం కోసం అక్కడి విమాన తయారీ సంస్థ లాక్‌హీడ్ ఇచ్చిన ముడుపుల వ్యవహారం జపాన్ మాజీ ప్రధాని కాకుయే తనాకా అరెస్టు దాకా వెళ్లింది. ఆ దుమారం తరువాతే 1977లో, పైన చెప్పిన అమెరికా చట్టం వచ్చింది. అయినా మరో ఇరవై ఏళ్ల పాటు చాలా దేశాలు తమ కంపెనీలు బయట ఇచ్చే లంచాన్ని నేరంగా చూడలేదు. జర్మనీలోనైతే 1999 వరకు విదేశాల్లో ఇచ్చిన లంచాన్ని వ్యాపార ఖర్చు కింద చూపి పన్ను తగ్గించుకునే వీలుండేది.

విదేశీ అధికారులకు లంచం ఇవ్వడాన్ని నేరంగా చూడాలన్న ఓఈసీడీ ఒప్పందంపై 1997 డిసెంబరులో సంతకాలు జరిగాయి, 1999 ఫిబ్రవరిలో అది అమలులోకి వచ్చింది. 2003 నాటి ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం కూడా విదేశీ ప్రభుత్వ అధికారికి లంచం ఇవ్వడాన్ని నేరంగా ప్రకటించాలని సభ్యదేశాలను కోరుతుంది. వీటన్నిటికంటే మీ డైరెక్టర్లు శ్రద్ధగా చదవాల్సింది 2011 జులైలో అమలులోకి వచ్చిన బ్రిటన్ లంచ నిరోధక చట్టం, అందులోనూ ఏడో సెక్షన్. సంస్థ తరఫున పనిచేసే వ్యక్తి ఎవరైనా, అతను ఉద్యోగి అయినా ఏజెంటు అయినా, సంస్థ ప్రయోజనం కోసం లంచం ఇస్తే, దాన్ని నిరోధించలేకపోవడమే సంస్థ చేసిన నేరమవుతుంది. తగిన నిరోధక ఏర్పాట్లు ముందే ఉన్నాయని రుజువు చేసుకోవడం ఒక్కటే సంస్థకున్న రక్షణ. బ్రిటన్‌లో కొంత వ్యాపారం ఉన్న పరాయి దేశపు సంస్థలకూ ఇది వర్తిస్తుంది.

ఆ ఆసుపత్రుల కొనుగోలుకు ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల రుణం ఉందేమో కూడా చూడండి. ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. ఒక అభివృద్ధి బ్యాంకు ఏడాదికి మించి నిషేధించిన సంస్థను మిగతావీ దూరం పెట్టేలా 2010లో ఐదు బ్యాంకులు ఒప్పందం చేసుకున్నాయి. మీలాంటి సంస్థకు జరిమానా కన్నా ఆ నిషేధమే ఎక్కువ నష్టం చేయవచ్చు.

మార్కెట్‌మాట

నేను చాలాకాలంగా విదేశీ అమ్మకాల విభాగంలో ఉన్నాను. లంచాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ చర్చ ఎప్పుడూ ఆడిటర్లూ న్యాయవాదులూ చెప్పే మాటలతోనే ముగిసిపోతుంది, క్షేత్రంలో ఉన్నవాడి సంగతి ఎవరికీ పట్టదు.

ప్రధాన కార్యాలయం ఒక చేత్తో నీతి నియమావళిని పంపి సంతకం చేయమంటుంది. రెండో చేత్తో, ఈ త్రైమాసికంలో ఇంత అమ్మకం చూపకపోతే నీ ప్రోత్సాహకం లేదంటుంది. టెండరు పోయినప్పుడు, లంచం ఇవ్వనందుకే పోయిందని నేను చెబితే అది సాకుగా వినబడుతుంది. గెలిచినప్పుడు మాత్రం ఎలా గెలిచావని ఒక్కరూ అడగరు. పక్కనున్న పోటీదారు చేతులు తడిపి పని చేయించుకుంటున్నాడని కళ్లారా చూస్తూ, నెలాఖరుకు నా జట్టులోని కుర్రవాళ్లకు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియక గడిపిన రోజులున్నాయి.

ఇంకో సంగతి. 2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు అక్కడి విదేశీ అవినీతి నిరోధక చట్టం అమలును 180 రోజులు నిలిపివేయమని ఉత్తర్వు ఇచ్చారు. ఆ చట్టం తమ కంపెనీలను పోటీలో వెనక్కి నెడుతోందన్నది ఆయన చెప్పిన కారణం. అంత పెద్ద దేశమే అలా అంటుంటే, మధ్యతరహా సంస్థ ఒకటి తన వ్యాపారాన్ని ఎందుకు వదులుకోవాలి? ఈ ప్రశ్నకు నాకు సూటి జవాబు కావాలి.

చట్టంచూపు

సూటిగానే చెబుతాను. ఆ ఉత్తర్వు చట్టాన్ని రద్దు చేయలేదు. 2025 జూన్‌లో అక్కడి న్యాయశాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చి కేసులను మళ్లీ ముందుకు తీసుకువెళ్లింది. లంచం నేరానికి అక్కడ కాలపరిమితి సాధారణంగా ఐదేళ్లు, అంటే ఒక ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసిన చెల్లింపును తరువాతి ప్రభుత్వం తెరవవచ్చు. ఎయిర్‌బస్ అనే విమాన తయారీ సంస్థ లంచం కేసుల్లో 2020 జనవరిలో కుదుర్చుకున్న రాజీలో సుమారు 360 కోట్ల యూరోలు చెల్లించాల్సి వచ్చింది. అందులో అత్యధిక భాగం అందుకున్నవి అమెరికా కాదు, ఫ్రాన్స్, బ్రిటన్. దారి ఒక చోట మూసుకుంటే విచారణ ఇంకో చోట మొదలవుతుంది. లంచం తీసుకున్న దేశంలో ప్రభుత్వం మారడం కూడా అలాంటి సందర్భమే.

పద్దులపరీక్ష

చట్టం సంగతి అలా ఉంచితే, మార్కెట్‌మాట గారు లేవనెత్తిన మొదటి విషయమే ఈ చర్చకు గుండెకాయ. నేను చూసినంతలో లంచం మొదలయ్యేది ఏజెంటు దగ్గర కాదు, ప్రధాన కార్యాలయం పెట్టే గడువు దగ్గర. లంచం నిరాకరిస్తే ఖర్చవుతుంది. సరుకు ఆలస్యమవుతుంది, టెండరు చేజారుతుంది, కొన్నిసార్లు ఒక మార్కెట్టే పోతుంది. ఆ ఖర్చును సంస్థ ముందుగా లెక్కగట్టి తన పద్దులో వేసుకోవాలి. అలా చేయని సంస్థ, ఆ ఖర్చును క్షేత్రంలో ఉన్న ఉద్యోగి జీతం మీద, పదోన్నతి మీద వేస్తోందన్నమాట. అతను ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

జర్మనీకి చెందిన భారీ పరిశ్రమల సంస్థ సీమెన్స్ ఉదంతం చూడండి. ఆ సంస్థకు నియమావళి లేక కాదు, కాగితం మీద అన్నీ ఉన్నాయి. అయినా ఉద్యోగులు కార్యాలయంలోని నగదు కౌంటర్ల నుంచి పెద్ద మొత్తాలు తీసుకుపోయేవారు. చెల్లింపులకు అనుమతిగా పెట్టే సంతకాలను అతికించి తీసేయగల చిన్న చీటీల మీద పెట్టి, తరువాత ఆ చీటీలను తొలగించేవారని అమెరికా అధికారులు కనుగొన్నారు. సలహాదారుల పేరుతో నడిచిన ఒప్పందాలకు లెక్కలేదు. 2008 డిసెంబరు నాటికి ఆ సంస్థ అమెరికా, జర్మనీలకు కలిపి చెల్లించాల్సి వచ్చింది దాదాపు 160 కోట్ల డాలర్లు.

ఫారాలు నింపించడాన్నే నివారణగా భావించే సంస్థలకు గనుల కంపెనీ బీహెచ్‌పీ బిల్లిటన్ అనుభవం పనికివస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు ఆ సంస్థ పలు దేశాల ప్రభుత్వ అధికారులను అతిథులుగా ఆహ్వానించింది. ఒక్కొక్క ఆహ్వానానికి కారణాలు రాసే దరఖాస్తు కూడా పెట్టింది. కానీ ఆ దరఖాస్తులను వ్యాపార విభాగానికి వెలుపల ఉన్నవారెవరూ స్వతంత్రంగా పరిశీలించలేదు. లంచం ఇచ్చారని నిరూపించాల్సిన అవసరమే రాలేదు. అంతర్గత నియంత్రణలు సరిగా లేనందుకే 2015లో రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించారు. ఫారం ఎంత బాగుందన్నది నాకు ముఖ్యం కాదు. దాన్ని చదివి ‘వద్దు’ అనగలిగిన మనిషి ఎవరు, ఆ మనిషికి జీతం నిర్ణయించేది ఎవరు అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న.

కాబట్టి ఎగుమతిబాట గారూ, మీ డైరెక్టర్ల బోర్డు చేత ఒక తీర్మానం చేయించండి. లంచం నిరాకరించిన కారణంగా పోయిన టెండరును అమ్మకాల విభాగం వైఫల్యంగా లెక్కించబోమనీ, ఆ జట్టు ప్రోత్సాహకాలను తగ్గించబోమనీ అందులో రాయించండి. నియమావళిలో నూరు పేజీలున్నా ఈ ఒక్క పేజీకి సాటి రావు.

మార్కెట్‌మాట

ఆ తీర్మానం మా సంస్థలో ఉండి ఉంటే నేను ఇక్కడ ఇంత ఆవేశంగా రాసేవాడిని కాదు. ధన్యవాదాలు.

రేవుదారి

కస్టమ్స్ గురించి అడిగారు కాబట్టి నా వంతు. నాది ఓడల ద్వారా సరుకు రవాణా చేసే పని. పెద్ద ముడుపుల గురించి అందరూ మాట్లాడతారు కానీ, సిబ్బందిని రోజూ నలిపేసేది ఈ స్పీడ్ మనీయే. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఒక స్టాంపు వేయడానికి చిన్న మొత్తం అడుగుతారు. ఇవ్వకపోతే ఏదో ఒక పత్రంలో లోపం వెతుకుతారు. ఓడ ఆగిన ప్రతి రోజుకూ అద్దె పెరుగుతూ ఉంటుంది. ఆ అద్దె ముందు అడిగిన మొత్తం చాలా చిన్నదిగా కనిపిస్తుంది, అందుకే చాలామంది ఇచ్చేస్తారు. ఒకసారి ఇచ్చిన ఓడ పేరు రేవులో అందరికీ తెలిసిపోతుంది, తరువాతి ప్రయాణంలో అడిగేవారి సంఖ్యా మొత్తమూ రెండూ పెరుగుతాయి.

మేము నేర్చుకున్నది ఏమిటంటే, పోరాటం రేవులో కాదు, ఓడ బయలుదేరక ముందే జరగాలి. ఆ దేశంలో చట్టబద్ధమైన రుసుముల పట్టికను ముందే సంపాదించి, కెప్టెన్ చేతిలో పెడతాము. సరుకు చేరే తేదీలో కొన్ని రోజుల వెసులుబాటు ఉండేలా కొనుగోలుదారుతో ఒప్పందం రాసుకుంటాము. గడువు బిగిసి ఉన్నవాడే లొంగుతాడని అడిగేవారికి బాగా తెలుసు. ఎవరైనా డబ్బు అడిగితే, అధికారిక రసీదు ఇవ్వమని, రసీదు మీద తమ పేరూ హోదా రాయమని కోరమంటాము. చాలా సందర్భాల్లో సంభాషణ అక్కడితోనే ఆగిపోతుంది. ఆగనప్పుడు కెప్టెన్ ఒంటరిగా నిర్ణయం తీసుకోకుండా, వెంటనే ఫోను ఎత్తే మనిషి ఒకరు కార్యాలయంలో ఉంటారు.

ఒంటరిగా ఏ సంస్థా ఒక రేవును మార్చలేదు. 2011లో ఓడ కంపెనీలు కలిసి సముద్రరంగ అవినీతి వ్యతిరేక నెట్‌వర్కును ఏర్పాటు చేసుకున్నాయి. ఎక్కడ, ఎవరు, ఏ సాకుతో డబ్బు అడిగారో సభ్యులు పేరు చెప్పకుండా నమోదు చేస్తారు. అర్జెంటీనాలో ధాన్యం నింపే ముందు ఓడ గదుల శుభ్రతను తనిఖీ చేసే అధికారులు ఇష్టానుసారం ఓడలను తిరస్కరించే పద్ధతి ఉండేది. ఆ నమోదుల ఆధారంగా నెట్‌వర్కు అక్కడి ప్రభుత్వంతో కలిసి పనిచేసింది. 2017లో తనిఖీ నిబంధనలే మారాయి. మీ రంగంలో పరికరాల తయారీదారుల సంఘం ఏదైనా ఉంటే ఇలాంటి ప్రయత్నం చేయించండి. పోటీదారులంతా కలిసి ‘ఇవ్వము’ అన్నప్పుడు అడిగేవాడి బలం తగ్గుతుంది.

చట్టంచూపు

రేవుదారి గారి మాటకు ఒక చిన్న చేర్పు. అధికారి ఎలాగూ చేయాల్సిన మామూలు పనిని త్వరగా చేయించుకునే చెల్లింపులకు అమెరికా చట్టంలో మినహాయింపు ఉంది. దాన్ని చూసి ధైర్యపడవద్దు. బ్రిటన్ చట్టంలో ఆ మినహాయింపు లేదు, అధికారి సొంత దేశంలో అది నేరంగానే ఉంటుంది, పైగా ఆ చెల్లింపును పుస్తకాల్లో మరో పేరుతో రాస్తే అమెరికాలోనూ లెక్కల తప్పుడు నమోదు కింద ఇరుక్కుంటారు.

చిన్నపరిశ్రమ

ఇవన్నీ వేలమంది ఉద్యోగులున్న సంస్థలకు సాధ్యమేమో. మా దగ్గర నలభై మందికి మించి లేరు. ఒక ఏజెంటు పూర్వాపరాలు విచారించడానికి విదేశీ విచారణ సంస్థకు డబ్బు కట్టే స్తోమత మాకు లేదు. మేము నిజాయితీగానే ఉంటాము, ఉద్యోగులకు నోటితో చెబుతాము. అది చాలదా?

పద్దులపరీక్ష

చాలదనే చెప్పాలి. 2018లో బ్రిటన్‌లో స్కాన్సెన్ ఇంటీరియర్స్ అనే సంస్థ సరిగ్గా మీ వాదననే జ్యూరీ ముందు పెట్టింది. అందులో ముప్పై మంది దాకా మాత్రమే పనిచేసేవారు. అది విదేశీ వ్యవహారం కాదు, స్థానిక కాంట్రాక్టు. అయినా నేర్చుకోవాల్సిన విషయం ఒకటే. మేము చిన్నవాళ్లం, నిజాయితీగా ఉండాలన్న సాధారణ నియమాలు మాకు సరిపోతాయని వారు వాదించారు. సంస్థే స్వయంగా విషయాన్ని అధికారులకు తెలియజేసినా జ్యూరీ ఆ వాదనను అంగీకరించలేదు.

అయితే ఖర్చు గురించి మీరు అనుకుంటున్నంత భయం అక్కర్లేదు. ఏర్పాట్లు సంస్థ పరిమాణానికీ ప్రమాదానికీ తగినట్టు ఉంటే చాలునని బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకమే చెబుతుంది. ఏజెంటును పెట్టుకునే ముందు ఆ దేశపు కంపెనీల రిజిస్టరులో యజమానుల పేర్లు చూడండి. వారిలో కొనుగోలు నిర్ణయించే అధికారి బంధువులున్నారేమో అడిగి రాతపూర్వక హామీ తీసుకోండి. ఆయన ఇంతకుముందు పనిచేసిన ఇద్దరు ముగ్గురు ఎగుమతిదారులతో ఫోనులో మాట్లాడండి. అభివృద్ధి బ్యాంకులు నిషేధించిన సంస్థల జాబితాలు ఉచితంగానే దొరుకుతాయి. ముఖ్యంగా, ఈ ఏజెంటును మీకు ఎవరు సిఫారసు చేశారో గుర్తుంచుకోండి. కొనుగోలు చేసే శాఖ అధికారే ‘ఈయన్ని పెట్టుకోండి’ అని చెప్పి ఉంటే, ఆ ఒక్క సంగతి చాలు వెనకడుగు వేయడానికి.

ఒప్పందంలో, ఏజెంటు చేసే పని విడివిడిగా రాయాలి. కమీషన్‌ను ఆయన పనిచేసే దేశంలో, ఆయన పేరుతో ఉన్న ఖాతాకు మాత్రమే చెల్లిస్తామని రాయాలి. ఆయన లెక్కలు చూసే హక్కు, లంచం అనుమానం కలిగితే చెల్లింపు ఆపే హక్కు, ఒప్పందం రద్దు చేసే హక్కు మీకు ఉండాలి. శాతం లెక్కన కాకుండా చేసిన పనికి నిర్ణీత రుసుము ఇవ్వగలిగితే ఇంకా మేలు. గెలిస్తేనే డబ్బు అన్న షరతు ఉన్నప్పుడు, ఎలాగైనా గెలవాలన్న తహతహను మనమే కొని పెడుతున్నట్టు. ఎగుమతి రుణానికో బీమాకో దరఖాస్తు పెట్టుకునేటప్పుడు ఏజెంటు వివరాలు, కమీషన్ నిజాయితీగా రాయండి. ఎయిర్‌బస్ వ్యవహారం బయటపడడానికి, బ్రిటన్ ఎగుమతి రుణ సంస్థకు ఏజెంట్ల గురించి ఇచ్చిన సమాచారంలోని లోపాలే దారితీశాయి.

ఎగుమతిబాట

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది చెబుతాను. పద్దులపరీక్ష గారు చెప్పిన ప్రశ్నలను ఏజెంటుకు రాతపూర్వకంగా పంపాము. ఏ ప్రశ్నకూ జవాబు రాలేదు, నమ్మకం లేని చోట పనిచేయలేనని మాత్రం రాశారు. ఒప్పందాన్ని రద్దు చేసుకుని, టెండరు పత్రాలను మా ఉద్యోగే నేరుగా సమర్పించేలా ఏర్పాటు చేశాము. ఒప్పందం రద్దయిందనీ, మా తరఫున మాట్లాడే అధికారం ఇక ఎవరికీ లేదనీ కొనుగోలు శాఖకు కూడా లేఖ పంపాము. గెలుస్తామన్న ఆశ పెద్దగా లేదు. కానీ బోర్డు ఆ ఒక్క పేజీ తీర్మానాన్ని ఆమోదించింది. మొదట వ్యతిరేకించిన డైరెక్టరు ఒకరు, ప్రోత్సాహకాలు తగ్గించబోమన్న వాక్యాన్ని మరింత స్పష్టంగా తిరగరాయించారు.

ఒక సందేహం మిగిలింది. పరికరాలు బిగించడానికి మా సాంకేతిక సిబ్బంది ఆ దేశంలో దూర ప్రాంతాలకు వెళ్లాలి. దారిలో సాయుధులైన సిబ్బంది ఆపి, పాస్‌పోర్టులు లాక్కుని డబ్బు అడిగితే వారు ఏం చేయాలి? అక్కడ కూడా రసీదు అడగమని నేను వారికి చెప్పలేను.

రేవుదారి

చెప్పకూడదు. ప్రాణానికీ ఆరోగ్యానికీ స్వేచ్ఛకూ ముప్పు ఉన్నప్పుడు డబ్బు ఇచ్చి బయటపడమనే మా ఓడ సిబ్బందికి రాసిచ్చాము. మీరూ అలాగే రాసివ్వండి, లేకపోతే మీ నియమావళికి భయపడి ఎవరో ఒకరు ప్రమాదంలో పడతారు. ముప్పు అంటే ఏమిటో కూడా అందులో రాయండి. ఆలస్యమవుతుందనడం, సరుకు ఆపేస్తామనడం ముప్పు కాదు. మనిషిని నిర్బంధించడం, ఆయుధం చూపించడం, మందులు అందకుండా చేయడం ముప్పు.

డబ్బు ఇచ్చిన తరువాత సురక్షిత ప్రదేశానికి చేరగానే ఆ ఉద్యోగి మీకు ఫోను చేయాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎంత, ఏమని బెదిరించారు అన్నది అదే రోజు రాసి పంపాలి. మీ లెక్కల పుస్తకంలో దాన్ని ప్రయాణ ఖర్చులోనో భోజన ఖర్చులోనో కలపకండి, బెదిరింపు కారణంగా ఇచ్చిన మొత్తమని ఉన్నది ఉన్నట్టు నమోదు చేయించండి. ఉద్యోగికి ఆ డబ్బు వెంటనే తిరిగి ఇచ్చేయండి. మీ దేశపు రాయబార కార్యాలయానికి తెలియజేయండి. ఆ దారిలో తదుపరి ప్రయాణాన్ని, ఇంకో దారో ఇంకో ఏర్పాటో దొరికే దాకా ఆపండి. మేము ఒక రేవు విషయంలో అలాగే ఆపాము, అది తిరిగి మొదలవడానికి చాలా నెలలు పట్టింది. మీ బోర్డు ఆ తీర్మానంలో ఈ ఆలస్యాన్ని కూడా చేర్చిందో లేదో ఒకసారి చూడండి.

ఎగుమతిబాట

చేర్చలేదు. తదుపరి సమావేశపు అజెండాలో పెట్టిస్తాను. అప్పటి వరకు సిబ్బంది ప్రయాణాన్ని రాజధానిలోని ఆసుపత్రులకే పరిమితం చేస్తున్నాము.